సగం తిరిగిస్తామన్నారు

జెర్లీన్ మేబ్రీ చేపల ఫ్యాక్టరీలో చేరిన రోజు నుంచి బయటపడిన రోజు దాకా, రోజూ కాసేపు ఊరికే పనిచేసింది. రబ్బరు బూట్లు, మోకాళ్లు దాటే ఏప్రన్, జుట్టుకి వల, చేతులకి రెండు జతల తొడుగులు, ఎడం చేతికి వాటి మీద ఇనుప అల్లిక తొడుగు. ఇవన్నీ వేసుకుని, కత్తి పదును చూసుకుని, చేపలు కదిలొచ్చే లైన్ ముందు నిలబడ్డాకే జీతం గడియారం మొదలయ్యేది. సాయంత్రం లైన్ ఆగగానే అదీ ఆగేది. ఆ తర్వాత ఏప్రన్ మీది రక్తం, జిగురు కడుక్కోవడం, బూట్లు తోముకోవడం, కత్తి అప్పజెప్పడం ఎవరి లెక్కలోకీ రాదు.

కొత్తగా చేరిన పిల్ల ఒకతె ఓ రోజు అడిగింది.

"ఇదంతా ఎవరి టైం, మిస్ జెర్లీన్?"

"దేవుడి టైం తల్లీ. ఆయన రాసుకుంటున్నాడు" అంది జెర్లీన్, తల ఎత్తకుండా బూటు తోముతూ.

అందరం నవ్వాం. జెర్లీన్ నవ్వలేదు. కంపెనీని ఎప్పుడూ అడగనూ లేదు. అడిగితే గేటు అవతలికి దారి చూపిస్తారని తెలుసు. ఇంట్లో ఎనభై దాటిన తల్లి ఉంది.

నా పేరు డెల్‌ఫైన్. లైన్ మీద ఆమె కుడి పక్క స్థానం నాది. అమెరికాలో, మా మిసిసిపీ డెల్టాలో ఒకప్పుడు కనుచూపు మేరా పత్తి. తర్వాత ఆ చేలల్లోనే చెరువులు తవ్వి మీసాల చేపలు పెంచారు. తెల్లదొరల పత్తి చేలో నడుం వంచిన నల్లవాళ్ల మనవరాళ్లం మేం. చేపల దగ్గర నిలబడి చేసే పని కాబట్టి పైకొచ్చామనుకున్నాం. చేప ముందుకొస్తుంది, ముల్లు పక్కన కత్తి దించాలి, కండ ఒలిచి పక్కకి తోయాలి, ఈలోపు ఇంకోటి వస్తుంది. మణికట్టు ఒకే వైపుకి, ఒకే మెలిక. ఆ నీళ్ల చల్లదనానికి మొదట వేళ్లు నొప్పి పెడతాయి. కొన్నేళ్లకి నొప్పి తెలియడం మానేస్తుంది. భయపడాల్సింది అప్పుడు.

జెర్లీన్‌కి ఆ భయం మొదలైంది. పొద్దున లేచేసరికి బొటనవేలు, చూపుడువేలు తనవి కానట్టు ఉంటున్నాయని నాతో చెప్పింది. మా లైన్‌లో చేతులు పడిపోయినవాళ్లని చూశాం. కాఫీ కప్పుని రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుంటారు, గుండీలున్న బట్టలు మానేస్తారు. జెర్లీన్ కోరిక ఒక్కటే. చేతులు అలా కాకముందే కత్తి కింద పెట్టాలి. అరవై రెండో ఏట ప్రభుత్వ పింఛను మొదలుపెట్టుకోవచ్చు. అది చాలదు, దానికి తోడు కొంత దాచుకుంటే మానేయొచ్చు.

చేతుల మీద ఆమెకి అంత దిగులు ఎందుకో శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్తే తెలిసేది. తల్లి మిస్ లూవీనియా (మా వైపు పెద్దావిడల పేరుకి ముందు మిస్ పెడతాం) వరండాలో పొట్టి కుర్చీ మీద కూర్చుంటే, వెనకాల జెర్లీన్ ఆవిడ తలకి నూనె రాసి, పాయలు తీసి, సన్నటి జడలు అల్లేది. ఆదివారం చర్చికి వెళ్లాలంటే ఆ జడలు ఉండి తీరాలి. మా ఆడవాళ్లంతా పెద్ద పెద్ద టోపీలు పెట్టుకొస్తే, మిస్ లూవీనియా ఒక్కతే తల ఎత్తుకుని జడలతో వచ్చేది. "టోపీ కింద ఏం దాస్తున్నారో వాళ్లని అడగండి. నాకు దాచేదేం లేదు" అనేది.

సరిగ్గా ఆ రోజుల్లో కంపెనీ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి రంగుల కాగితాలు పట్టుకుని మా భోజనాల గదికి వచ్చింది. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. రిటైర్‌మెంట్ కోసం జీతంలోంచి కొంత పక్కన పెట్టే ఖాతా తెరవమంది.

"మీలాంటి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక పన్ను రాయితీ ఉంది. ఏడాదిలో మీరు దాచినదాంట్లో సగం దాకా తిరిగి రావచ్చు" అంది.

"సగమా?" అన్నాను నేను. "ప్రభుత్వం మనకి తిరిగివ్వడమా? జెర్లీన్, నన్నోసారి గిల్లవే."

"నా వేళ్లకి అంత బలం లేదు. వేరేవాళ్లని చూసుకో" అంది జెర్లీన్. కానీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

ఆ వారమే ఖాతా తెరిచింది. ఆ డబ్బు మిగిల్చిన తీరు చెప్తే మీకు కోపం రావాలి. దంతం ఒకటి పాడైతే బాగుచేయించుకోవడానికి ఖర్చవుతుందని పీకించేసుకుంది. కారు టైర్లు నున్నగా అరిగిపోతే వానరోజున నా బండిలో వచ్చేది. శుక్రవారం మేమంతా కలిసి తెప్పించుకునే వేపుడు చేప పళ్లెం మానేసింది.

"రోజంతా చేపలు చూసి మళ్లీ డబ్బిచ్చి చేప తింటారా, మీకు బుద్ధుందా?" అని మమ్మల్నే ఎగతాళి చేసేది. ఇంటి నుంచి తెచ్చుకున్న మొక్కజొన్న రొట్టె ముక్క నీళ్లలో ముంచుకుని తినేది. సగం తిరిగొస్తే ఆ సగాన్నీ ఖాతాలోనే వేస్తుందట. అప్పుడు అరవై రెండు రాగానే కత్తి కింద పెట్టేయగలనంది. "కత్తి కంపెనీది. చేతులు మా అమ్మవి" అనేది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో పన్ను కాగితాలు నింపించుకోడానికి మా చర్చి హాలుకి వెళ్లింది. అక్కడ రిటైరైన పోస్ట్‌మాస్టర్ మిస్టర్ సగ్స్ పైసా తీసుకోకుండా అందరికీ నింపిపెట్టేవాడు. మంచి మనిషి. నేను పక్క కుర్చీలో నా వంతు కోసం కూర్చున్నాను.

"ఈ రాయితీ మీకు రాదమ్మా" అన్నాడు, కళ్లద్దాలు పైకి తోసుకుంటూ.

"ఎందుకు రాదు? నా ఆదాయం తక్కువేగా?"

"తక్కువే. అదే చిక్కు. ఇది చేతికిచ్చే డబ్బు కాదు, మీరు కట్టాల్సిన పన్నులోంచి కొట్టేసేది. మీ జీతానికి, పైగా తల్లిని పోషిస్తున్నందుకు, మీకు పడే పన్ను సున్నా. సున్నాలోంచి ఏం కొట్టేస్తాను చెప్పండి? జీతంలో ముందే పట్టుకున్నది ఏదన్నా ఉంటే అది వెనక్కొస్తుంది. అంతే."

జెర్లీన్ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. "బీదదాన్ని కాబట్టి ఇస్తామన్నారు. మరీ బీదదాన్ని కాబట్టి ఇవ్వరు. అంతేనా?"

"చట్టం నేను రాయలేదు, మిస్ మేబ్రీ."

"తెలుసు మిస్టర్ సగ్స్. రాసినవాళ్లు ఈ హాల్లో ఎందుకు కూర్చుంటారు?"

ఆ సాయంత్రం నన్ను భోజనానికి ఉండమంది. బటర్‌బీన్స్ గింజలు ఉడుకుతున్నాయి. విషయం విన్న మిస్ లూవీనియా చెంచా పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది.

"నీకెందుకమ్మా అంత నవ్వు?" అంది జెర్లీన్, చిరాగ్గా.

"మా నాన్న గుర్తొచ్చాడే. డిసెంబర్‌లో ఏడాది లెక్క తేల్చే సెటిల్‌మెంట్ రోజున, మేం కెప్టెన్ అని పిలిచే పత్తి తోట దొర బల్ల ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడేవాడు. ఏడాది పొడుగునా పండించిన పత్తి ఒకవైపు, మేం వాడుకున్న పిండీ, కొవ్వూ, కిరసనాయిలూ ఒకవైపు. కెప్టెన్ ఏవో గీసి, 'ఎలైజా, ఈ ఏడు బాగా చేశావురా, లెక్క సరిపోయింది. నువ్వు నాకేం ఇవ్వక్కర్లేదు, నేను నీకేం ఇవ్వక్కర్లేదు' అనేవాడు. మా నాన్న థాంక్యూ చెప్పి ఇంటికొచ్చేవాడు."

"లెక్క చూపించమని అడగలేదా?" అన్నాను నేను.

ఆవిడ నన్ను చూసిన చూపులో జాలి ఉంది. "అడిగినవాళ్లు మర్నాటికి ఆ తోటలో ఉండేవాళ్లు కాదు డెల్‌ఫైన్. కొందరు ఎక్కడా ఉండేవాళ్లు కాదు." మళ్లీ చెంచా తీసుకుంది. "ఇంకో సంగతి. కెప్టెన్‌కి బాకీ ఉన్నవాడి మీదే ప్రేమ. మార్చిలో సామాను అరువిచ్చేది బాకీ ఉన్నవాడికే. బాకీ లేనోడు లేచిపోతాడని భయం. అందుకని లెక్క సరిపోయిన ఏడు కూడా మా నాన్న, చేతిలో డబ్బున్నా, కెప్టెన్ దగ్గర కావాలనే కాస్త బాకీ పెట్టుకునేవాడు."

జెర్లీన్ తినడం ఆపేసింది. అప్పుడు ఆమె మనసులో ఏం తిరుగుతోందో నాకు తర్వాతి వారం తెలిసింది.

"శనివారాలు కూడా పనికి రాయించుకున్నా. ఏడాదంతా" అంది, బూట్లు తొడుక్కుంటూ.

"నీకు పిచ్చా? ఉన్న రోజులకే నీ వేళ్లు..."

"విను. పన్ను పడనివాళ్లకి ఏమీ ఇవ్వరన్నాడుగా? అయితే పన్ను పడేంత సంపాదిస్తా. వాళ్లకి నేను బాకీ పడాలి. బాకీ పడ్డాక సగం ఎందుకివ్వరో చూస్తా."

"ఒక్కసారి సగ్స్‌ని అడుగు. అది అలా పనిచేస్తుందో లేదో."

"అడిగితే సున్నా అంటాడు. ఆయనకి ఆ అంకె ఒక్కటే వచ్చు" అంటూ చేతి తొడుగు పళ్లతో పట్టి లాక్కుంది. అప్పటికే వేళ్లతో లాగలేకపోతోంది.

బల్ల అవతల కూర్చున్నవాణ్ని లెక్క అడక్కూడదని మా ఇళ్లల్లో పిల్లలకి చాలా చిన్నప్పుడే నేర్పుతారు. కెప్టెన్లు పోయారు, తోటలు పోయాయి, ఆ పాఠం మాత్రం పోలేదు. సగ్స్ అడిగితే చెప్పేవాడే. ఆమె అడగలేదు. చదువుకున్న పెద్దమనుషులు దీన్ని అజ్ఞానం అంటారు. ఆ అజ్ఞానంతోనే ఎలైజా లాంటివాళ్లు ప్రాణాలతో బయటపడ్డారని వాళ్లకి ఎవరు చెప్తారు?

అలా శనివారాలు పోయాయి. వరండాలో పొట్టి కుర్చీ ఖాళీగా ఉండేది. జడలు నేను అల్లుతానని వెళ్తే మిస్ లూవీనియా ఒప్పుకోలేదు.

"నీ చెయ్యి నా తలకి తెలీదు. పోయి నీ మొగుడి తల దువ్వు."

"నా మొగుడికి తల మీద ఏముంది దువ్వడానికి?"

"అందుకే ప్రాక్టీసు లేదు నీకు."

వారాలు గడిచేకొద్దీ ఆవిడ జుట్టు చిక్కుపడింది. ఓ ఆదివారం చర్చి తలుపు దగ్గర ఊదారంగు టోపీతో కనిపించింది. ఎవరిదో పాతది, ఆవిడ తలకి పెద్దది. అందరి చూపూ దాని మీదే. ఆవిడే అంది, "చూడకండి. లోపల దాచేది వచ్చింది నాక్కూడా."

జెర్లీన్ మాత్రం ఆ ఏడాది హుషారుగా ఉంది. అది నేను దాచను. అలసిపోయి కారులోనే నిద్రపోయేది, కానీ లేవగానే, "ఫిబ్రవరి రానీ" అనేది. ఓ రోజు కత్తి చేతిలోంచి జారి గట్టు మీద పడింది. సూపర్‌వైజర్ వచ్చాడు. "తడికి జారింది" అంది జెర్లీన్. అతను పోయాక నాతో, "ఫిబ్రవరి రానీ" అంది మళ్లీ.

ఫిబ్రవరి వచ్చింది. ఈసారి తల్లిని కూడా తీసుకొచ్చింది, టోపీతో సహా. మిస్టర్ సగ్స్ కాగితాలు తిరగేసి, లెక్క కట్టి, మొహం విప్పార్చాడు.

"ఈసారి పన్ను పడింది, మిస్ మేబ్రీ."

"పడిందా?" అంది జెర్లీన్. పన్ను పడిందంటే అంత సంతోషించిన మనిషిని ఆ హాలు అంతకుముందు చూసి ఉండదు. నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ పట్టులో బలం లేదు.

"పడింది. కొంచెమే. ఆ కొంచెమూ మీ రాయితీ కింద కొట్టేశాను. మీరేం కట్టక్కర్లేదు."

"మంచిది. మరి సగం?"

"ఏ సగం?"

"నేను దాచినదాంట్లో సగం. ఏడాదంతా దాచాను. కిందటేటి కన్నా ఎక్కువే దాచాను."

సగ్స్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మిగతాది రాదమ్మా. పడిన పన్ను ఎంతో అంతవరకే కొట్టేస్తారు. అంతకుమించి చేతికివ్వరు."

"అయితే శనివారాలు చెయ్యకపోతే?"

"పన్ను పడేది కాదు."

"చేసినందుకు?"

"పన్ను పడింది. పోయింది." ఆయన గొంతు తగ్గింది. "లెక్క సరిపోయింది."

మా వెనక కుర్చీలోంచి, ఊదారంగు టోపీ కిందనుంచి, ఒక మగ గొంతు లాంటిది లేచింది. బొంగురుగా, తీరిగ్గా, దొరతనంగా.

"ఎలైజా, ఈ ఏడు బాగా చేశావురా. లెక్క సరిపోయింది."

తన తండ్రి చనిపోయిన ఇన్నేళ్ల తర్వాత మిస్ లూవీనియా ఆ కెప్టెన్ గొంతుని అచ్చంగా దించేసింది. హాల్లో ఒకళ్లిద్దరు ముసలివాళ్లు నవ్వారు. వాళ్లకి ఆ గొంతు తెలుసు. కుర్రవాళ్లు ఏమైందోనని చూశారు. సగ్స్‌కి కూడా తెలుసు, ఆయన తండ్రీ ఆ బల్ల ముందు నిలబడ్డవాడే. ఆయన తల దించుకుని సంతకం కోసం కాగితం ముందుకి జరిపాడు.

జెర్లీన్ పెన్ను తీసుకుంది. జారిపోయింది. మళ్లీ తీసుకుంది, మళ్లీ జారింది. సగ్స్ లేచొచ్చి, ఆ పెన్నుని ఆమె పిడికిట్లో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటీ మూశాడు. చిన్నపిల్లలు రాసినట్టు రాసింది పేరు.

వసంతంలో రెండు చేతులకీ ఆపరేషన్ చేశారు. ఆలస్యం చేశావన్నాడు డాక్టరు. శనివారాల పని గురించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. కత్తి పని చెయ్యలేనంటే తేలిక పని ఏదీ ఖాళీగా లేదన్నారు. అలా అరవై రెండు ఇంకా నాలుగేళ్ల దూరంలో ఉండగానే జెర్లీన్ గేటు బయటికొచ్చింది. బూట్లు, ఏప్రన్ కడిగి, ఆరబెట్టి, అప్పజెప్పి మరీ వచ్చింది. ఆ టైం కూడా ఎవరూ లెక్కేయలేదు.

దంతం పీకించుకుని, నీళ్లలో రొట్టె ముంచుకుని దాచినదంతా పింఛను వయసు వచ్చేలోపే బియ్యం, కరెంటు, మందుల కింద కరిగిపోయింది. దాని మీద ప్రభుత్వం ఆమె చేతిలో పెట్టింది సున్నా.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం మిస్ లూవీనియా జడలు నేనే అల్లుతున్నాను. ఇంక ఎవరి చెయ్యి ఆవిడ తలకి తెలియాలి? జెర్లీన్ ఎదురుగా మెట్టు మీద కూర్చుని, కాఫీ కప్పు రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని, నాకు చెప్తుంది. "ఇంకా సన్నగా తియ్యవే పాయ. అంత గట్టిగా లాగకు, ఆమె తల గుమ్మడికాయ కాదు." ఆమె వేళ్లు, కప్పు చుట్టూ, నా వేళ్లతో పాటు కదలబోతాయి. కదలవు.

బీదవాళ్లు దాచుకోరు, అందుకే బీదగా ఉంటారని ఉపన్యాసాలిచ్చేవాళ్లని నేను చాలామందిని విన్నాను. జెర్లీన్ దాచుకుంది. మీలో ఎవరికీ చేతకానంతగా దాచుకుంది. పొదుపు చేసే బీదవాళ్ల కోసమంటూ చట్టం చేసి, మరీ బీదవాళ్లకి అందకుండా దానికి ఒక మెట్టు ఎత్తుగా కట్టినవాళ్లకి, ఆ మెట్టు కింద ఎవరున్నారో తెలియదని నేను నమ్మను. ఆ రాయితీ అంతా, ఎంతో కొంత పన్ను పడేంత సంపాదన ఉన్నవాళ్ల దగ్గర ఆగిపోయింది. కిందికి దిగలేదు.

ఇప్పుడు చట్టం మార్చారు. 2027 నుంచి, పన్ను పడినా పడకపోయినా, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు దాచుకున్నదానికి ప్రభుత్వం కొంత జతచేసి నేరుగా వాళ్ల రిటైర్‌మెంట్ ఖాతాలో వేస్తుందట. సంతోషం. జెర్లీన్‌కి ఖాతా లేదు, జీతం లేదు, దాచేదేమీ లేదు. ఆమెకి ఇది పక్కింటి పెళ్లి. కానీ లైన్ మీద ఆమె చోట ఇప్పుడు ఇంకో పిల్ల నిలబడింది. నిన్న చూశాను, చేతి తొడుగు పళ్లతో లాక్కుంటోంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ డబ్బు ఖాతాలోకే వస్తుంది, చేతికి రాదు. ఖాతా లేనివాళ్లు మళ్లీ ఖాళీ చేతులతో మిగిలిపోతారు. మీ హోటల్లో గిన్నెలు తోమే మనిషికి, మీ ఆఫీసు నేల తుడిచే మనిషికి, మీ తల్లిని చూసుకునే ఆయమ్మకి ఖాతా ఉందో లేదో ఈ వారమే అడగండి. లేకపోతే పక్కన కూర్చుని తెరిపించండి. మీరు యజమానులైతే మీరే తెరవండి. పన్ను కాగితాలు నింపిపెట్టే చోట ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి, సగ్స్‌కి డెబ్భై తొమ్మిదేళ్లు, ఆయనొక్కడివల్ల కాదు. బల్ల ముందుకొచ్చినవాళ్లు అడక్కపోయినా లెక్క చెప్పండి. ఎందుకంటే వాళ్లు అడగరు. ఎందుకు అడగరో మీకిప్పుడు తెలుసు.

మీకు ఇక్కడ ఓటుంటే, చట్టాలు చేసే కాంగ్రెస్‌లో మీ తరఫున కూర్చున్న సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. కొత్త చట్టాన్ని అమల్లోకి రాకముందే కోసెయ్యొద్దని చెప్పండి. ఇన్నేళ్లూ దాచుకుని సున్నా అందుకున్నవాళ్ల సంగతి ఏంటని అడగండి. పేరేంటని అడిగితే మీ పేరు చెప్పి, తర్వాత జెర్లీన్ మేబ్రీ పేరు కూడా చెప్పండి. ఆమె చెప్పమంది. ఫోన్ మీద నంబరు ఆ వేళ్లతో ఆమె నొక్కలేదు. మీరు నొక్కండి.